గోడ మీద గొంతు

కృప కెమెరా తెచ్చింది ఆదివారం నాడు. ఉయ్యూరు చర్చిలో పూజ ముగియగానే బస్సెక్కి గుణదలలో అన్నయ్య ఇంటికి వచ్చింది. చేతిసంచీలోంచి తెల్లటి డబ్బా తీసి, తండ్రి మంచానికి ఎదురుగా గోడ మీద ఎక్కడ బిగిస్తే మనిషి మొత్తం కనబడతాడా అని చూడసాగింది. వంటింట్లో ఉన్న వదినని పలకరించలేదు. అన్నయ్య యేసుకుమార్ స్టూలెక్కి, చెల్లెలు వేలు చూపించిన చోట, మరియమాత పటం పక్కన గోడకి రెండు రంధ్రాలు పెట్టాడు.

ఆ చప్పుడుకి హెప్సిబా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంటిది?"

"కెమెరా వదినా. ఉయ్యూరులో కూర్చునే ఫోన్లో నాన్నని చూసుకోవచ్చు. మాట్లాడొచ్చు కూడా."

"చూసుకోవడమా? చూస్తూ కూర్చోడమా?"

"ప్రతిదానికీ పెడర్థం తీస్తావేంటి? నా తండ్రిని నేను చూసుకోకూడదా?"

"గంట ప్రయాణం. వచ్చి చూసుకో, ఎవరొద్దన్నారు?"

యేసుకుమార్ స్టూలు దిగి, రాలిన సున్నం కాలితో మంచం కిందకి తోశాడు. ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు. అది అతనికి అలవాటు. గొడవ ముదిరేలోపు చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

మంచం మీద ఉన్న శౌరయ్య రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య తెరేసమ్మ పోయాక కూడా తన బట్టలు తనే ఉతుక్కుని, సాయంత్రం పూట సెంటర్ దాకా నడిచివెళ్ళి టీ తాగి వచ్చేవాడు. పోయినేడు వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. కొన్నాళ్ళకి మాట వచ్చింది కానీ బుర్ర పూర్తిగా తిరిగి రాలేదు. కోడలిని పనిమనిషి అనుకునేవాడు ఒకపూట, దొంగ అనుకునేవాడు ఇంకోపూట. పనిచేసే ఎడమచేత్తో అందినచోటల్లా కొట్టేవాడు.

అంతకుముందు హెప్సిబా వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో పదేళ్ళకి పైగా పనిచేసింది. పొద్దున్నే బాక్సు కట్టుకుని వెళ్ళడం, మధ్యాహ్నం మూటల మధ్య చాప పరుచుకుని తోటివాళ్ళతో కూరలు మార్చుకుని తినడం ఆమెకి ఇష్టంగా ఉండేది. మామకి జబ్బు చేశాక, "కొన్నాళ్ళు మానెయ్యవే, నాన్న కొంచెం తేరుకునేదాకా" అన్నాడు భర్త. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అతనూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. తర్వాత అడిగినప్పుడల్లా అతను నీళ్ళు నమిలాడు.

కెమెరా రావడానికి ముందు నెల శౌరయ్య నడుం కింద పుండు పడింది. అప్పుడు కృప వచ్చి చూసి ఒంటికాలి మీద లేచింది.

"మా నాన్న ఒళ్ళు కుళ్ళిపోతుంటే నీ కళ్ళకి కనబడలేదా?"

"కనబడింది. గంటకోసారి పక్కకి తిప్పాలన్నాడు డాక్టరు. తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. నువ్వుంటావా నాలుగు రోజులు?"

"నాకు స్కూలుంది."

"నాకు కొట్టుండేది."

కృప ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. హెప్సిబా గుడివాడ వైపు సి.ఎస్.ఐ. వాళ్ళ పిల్ల, ప్రొటెస్టెంటు. వీళ్ళు ఆర్.సి.ఎం. వాళ్ళు, కాథలిక్కులు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ తేడా కృప మర్చిపోలేదు. పుండు విషయం బంధువులకి చెప్పినప్పుడు, "ఇంట్లో జపమాల చదివే దిక్కులేదు, ఇంకేం బాగుపడతారు" అని కూడా కలిపి చెప్పింది.

కెమెరా పెట్టిన మర్నాటి నుంచి గోడ మాట్లాడటం మొదలుపెట్టింది.

"వదినా, నాన్న కాళ్ళ మీద దుప్పటి జారింది."

"వదినా, గంజి అంత వేగంగా పట్టకు. పొరపోతుంది."

"వదినా, ఫ్యాను తగ్గించు."

కృప ఉయ్యూరులో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. క్లాసు లేని ప్రతి పీరియడులోనూ ఫోను తీసి చూసేది. ఆమెకి తండ్రంటే నిజంగానే ప్రాణం. చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని బడికి వెళ్ళిన పిల్ల. రాలేకపోతున్నానన్న బాధ ఆమెని తినేస్తుండేది. ఆ బాధంతా వదిన మీద కోపమై బయటికి వచ్చేది. హెప్సిబాకి మాత్రం కోపమే కనబడింది. కుర్చీలో నడుం వాలిస్తే గోడ దగ్గేది. కళ్ళు మూసుకుంటే గోడ పిలిచేది. మంచం పక్కన కూర్చుని అన్నం తినడం మానేసి వంటింట్లో నిలబడి తినడం నేర్చుకుంది.

శౌరయ్యకి మాత్రం ఆ గొంతు వింటే మొహం విప్పారేది. "కృపమ్మా, వచ్చావా తల్లీ! లోపలికి రావే" అని గుమ్మం వైపు చూసేవాడు. గుమ్మంలో ఎవరూ కనబడకపోతే గోలపెట్టేవాడు. మెడ చాచి, ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయేవాడు. కృప ఫోను కట్టేసి క్లాసుకి వెళ్ళాక ఆయన్ని సముదాయించలేక హెప్సిబా తల ప్రాణం తోకకి వచ్చేది.

"అలా పిలవకు కృపా. నువ్వు పిలిస్తే మావయ్య లేవబోతున్నారు. పడిపోతారు" అని చెప్పింది ఒకరోజు, తల పైకెత్తి, గోడకి.

"నేను మాట్లాడితే ఆయన సంతోషపడుతున్నారు. అది నీకు గిట్టట్లేదు" అంది గోడ.

ఇంకో సమస్య స్నానం. శౌరయ్యకి రోజూ ఒళ్ళు తుడవాలి, కింద శుభ్రం చెయ్యాలి. మొదట్లోనే యేసుకుమార్ చేతులెత్తేశాడు. "నా వల్ల కాదే. మా నాన్నని అలా చూడలేను" అన్నాడు. "మీరు కొడుకు. మీరు చూడలేనిది కోడల్ని నేను చూడగలనా?" అంది హెప్సిబా. చూడగలిగినా చూడలేకపోయినా పని ఆమె మీదే పడింది. శౌరయ్యకి బుర్ర ఎంత చెదిరినా సిగ్గు చెదరలేదు. పంచె విప్పేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. కొన్నిసార్లు ఏడ్చేవాడు. అందుకని ఆమె ఆ పని చేసే ముందు ఒక తుండుగుడ్డ తీసి కెమెరా మీద కప్పేది.

మొదటిసారి కప్పినప్పుడే ఫోను మోగింది.

"కెమెరాకి ఏమైంది?"

"గుడ్డ కప్పాను. మావయ్యకి ఒళ్ళు తుడుస్తున్నా."

"తుడిస్తే కప్పడం దేనికి? నేను ఆయన కూతుర్ని."

"స్టాఫ్ రూములో కూర్చుని చూస్తున్నావు. నీ పక్కన ఎవరున్నారో నాకేం తెలుసు? ఆయన మానం ఆయనకుంటుంది."

"మానం సంగతి నాకు చెప్పకు. కనబడకుండా ఏం చేస్తున్నావో దేవుడికే తెలియాలి."

హెప్సిబా ఫోను పెట్టేసింది. గుడ్డ మాత్రం రోజూ కప్పింది. కృప రోజూ ఎవరో ఒకరికి ఫోను చేసింది. పిన్నికి, మేనత్తకి, ఆఖరికి అదే వీధిలో ఉండే మాణిక్యమ్మకి. తెరేసమ్మ బతికుండగా ఆమెతో కలిసి గుడికి వెళ్ళేది మాణిక్యమ్మ. ఒక మధ్యాహ్నం ఆవిడ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని, ప్రార్థన చేస్తామంటూ వచ్చింది. ప్రార్థన అవుతుండగానే శౌరయ్య చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి పైన నీలంగా కమిలిన మచ్చలున్నాయి.

"ఇవేంటమ్మా?"

"రక్తం పల్చబడే మాత్రలు వేస్తున్నామండీ. పట్టుకుని కూర్చోబెట్టినా కమిలిపోతుంది."

"మాత్రలకి మచ్చలు పడతాయా?" అని మాణిక్యమ్మ పక్కావిడ వైపు చూసింది. ఆవిడ పెదవి విరిచింది.

హెప్సిబా తన జాకెట్టు చెయ్యి పైకి లాగింది. శౌరయ్య కొట్టిన దెబ్బలు అక్కడా ఉన్నాయి. మాత్రలు వేసుకోని మనిషి కాబట్టి మచ్చలు చిన్నవి.

"ఇవి ఎవరి మాత్రలో అడుగుతారా?" అంది.

ముగ్గురూ లేచారు. "మంచికొస్తే ఇదేం దురుసు!" అన్నారు గుమ్మం దాటుతూ, లోపలికి వినబడేలా. ఆ సాయంత్రం యేసుకుమార్ ఇంటికి వచ్చి, "వీధిలో తలెత్తుకోలేకపోతున్నా. నువ్వు కొంచెం తగ్గి మాట్లాడాల్సింది" అన్నాడు. హెప్సిబా అతనికి అన్నం వడ్డించలేదు. అతనే పెట్టుకుని తిన్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే శౌరయ్య పడిపోయాడు. మిట్టమధ్యాహ్నం. ఆయనకి అన్నం తినిపించి, నిద్రపట్టాక, హెప్సిబా స్నానానికి వెళ్ళింది. తలమీద నీళ్ళు పోసుకుంటుండగా గోడ గొంతు వినిపించింది.

"నాన్నా! పడుకున్నావా? నాన్నా, నేను కృపని. ఇటు చూడు."

"వద్దు కృపా, పిలవకు!" అని హెప్సిబా బాత్రూంలోంచే అరిచింది. అది కృపకి వినబడిందో లేదో. "వస్తున్నానే, ఉండు" అన్న ముసలాయన గొంతు వినబడింది. వెంటనే దబ్బున చప్పుడు. ఆ తర్వాత గోడ కేకలు పెట్టడం మొదలైంది. "వదినా! ఎక్కడ చచ్చావ్? నాన్న పడిపోయాడు! వదినా!"

హెప్సిబా తడి ఒంటి మీదే చీర చుట్టుకుని పరిగెత్తింది. శౌరయ్య మంచానికీ కుర్చీకీ మధ్య బోర్లా పడి ఉన్నాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. రక్తం పల్చబడే మాత్రల వల్ల అది ఆగలేదు. గుడ్డ అదిమిపట్టి వీధిలోకి కేకేస్తే మాణిక్యమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఆయన్ని ఆటోలోకి ఎక్కించారు. హెప్సిబా జుట్టులోంచి నీళ్ళు, ఆయన నుదుటి మీంచి రక్తం, రెండూ ఆమె చీర మీదే కారాయి.

ఆసుపత్రిలో కుట్లు వేసి, తలకి స్కాను తీసి, లోపల ఏమీ కాలేదని చెప్పారు. రెండు రోజులు ఉంచమన్నారు. ఆ మాట విని హెప్సిబా కారిడార్‌లో బల్ల మీద కూలబడింది. యేసుకుమార్ అప్పుడే వచ్చాడు. అతని వెనకాలే కృప వచ్చింది, స్కూలు నుంచి వచ్చినది వచ్చినట్టుగా, చేతికి సుద్దముక్క పొడి కూడా పోకుండా. వస్తూనే ఒక్క మాట అడగకుండా వదినని చెంప మీద కొట్టింది.

కారిడార్‌లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. రెండోసారి చెయ్యెత్తేసరికి హెప్సిబా ఆ మణికట్టు పట్టుకుంది.

"నువ్వు పిలిచావు. ఆయన వచ్చాడు" అంది. "నీ దగ్గరికే వస్తూ పడ్డాడు. నేను పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు అక్కడుంటే పడేవాడు కాదు!"

"నేను నీళ్ళు పోసుకుంటున్నా. కెమెరా పెట్టిన దగ్గర్నుంచి నేను ఎప్పుడు తింటున్నానో, ఎప్పుడు పడుకుంటున్నానో అన్నీ చూస్తున్నావుగా. నీళ్ళు పోసుకునే టైము కూడా నిన్నడిగి పెట్టుకోవాలా?"

"చెయ్యి వదులు."

హెప్సిబా వదిలేసింది. భర్త వైపు తిరిగింది. యేసుకుమార్ గోడకి ఆనుకుని, మందుల చీటీ చదువుతున్నట్టు దాన్నే చూస్తున్నాడు.

"మీ చెల్లెలు నన్ను కొట్టింది. చూశారా?"

"ఇది ఆసుపత్రి. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంక మాట్లాడుకునేదేం లేదండీ. రేపట్నుంచి నేను కొట్టుకెళ్తున్నా. ఇంటికొచ్చి వంట చేస్తా, మీకూ ఆయనకీ. ఒళ్ళు తుడవడం, తిప్పడం, తినిపించడం మీ ఇద్దరిదీ. కన్నతండ్రి మీకు. నాక్కాదు."

ఆటోలో తోడొచ్చిన మాణిక్యమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. "మీరు మచ్చలు చూడ్డానికొచ్చారు కదండీ, నా చేతి మీదవి కూడా అప్పుడే సరిగ్గా చూడాల్సింది" అని హెప్సిబా ఆమె పక్కనుంచే మెట్లు దిగిపోయింది. ఇంటికి వెళ్ళి స్టూలెక్కి కెమెరా ఊడదీసింది. పగలగొట్టలేదు. డబ్బాలో పెట్టి కృప చెప్పులు విడిచే చోట పెట్టింది. మర్నాడు పొద్దున్నే వన్ టౌన్ వెళ్ళింది. కొట్టు యజమాని, "ఇప్పుడే కదమ్మా పండగ సరుకు దిగింది, సమయానికొచ్చావు" అన్నాడు.

కృపకి సెలవు పెట్టక తప్పలేదు. తండ్రిని ఇంటికి తెచ్చాక ఆ గదిలోనే పక్క వేసుకుంది. వదినకి పని చేసి చూపిద్దామన్న పంతం మొదటి రోజు ఆమెలో బాగా ఉంది. "నాన్నా" అంటూ మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. శౌరయ్య ఆ చెయ్యి విదిలించి కొట్టాడు.

"ఎవర్తివే నువ్వు? నా ఇంట్లోకెందుకొచ్చావ్, దొంగముండా!"

"నేను నాన్నా, కృపని."

"నువ్వు కృపవేంటే? కృప అక్కడుంటుంది" అని గోడ వైపు చూపించాడు. గోడ మీద రెండు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి.

ఆ రోజంతా ఆమె నమ్మలేదు. మర్నాడు ఒక పని చేసింది. గదిలోంచి బయటికి వెళ్ళి, తలుపు చాటున నిలబడి, "నాన్నా" అని పిలిచింది. "కృపమ్మా! వచ్చావా తల్లీ! లోపలికి రావే" అన్నాడు శౌరయ్య ఎంతో ప్రేమగా. ఆమె పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆయన మొహం మాడిపోయింది. "మళ్ళీ నువ్వేనా? నా కూతుర్ని బయటే ఆపేశావా?" అని అందిన గ్లాసు ఆమె మీదకి విసిరాడు.

సాయంత్రం హెప్సిబా కొట్టు నుంచి వచ్చేసరికి కృప వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. కనుబొమ్మ దగ్గర గ్లాసు తగిలి వాచింది. హెప్సిబా ఆమెని దాటుకుని వెళ్ళి స్టవ్వు వెలిగించింది.

"నువ్వే ఆయనకి నా మీద నూరిపోశావు" అంది కృప.

హెప్సిబాకి నవ్వొచ్చింది. "నూరిపోస్తే ఎక్కే బుర్రయితే, ముందు నన్ను కొట్టొద్దని నూరిపోసేదాన్ని."

"నవ్వు. నవ్వు. నీకిదే కావాలి."

"నాకు కావాల్సింది ఇది కాదు. ఒక పూట ఎవరైనా వచ్చి 'నువ్వు లే, నేను చూస్తా' అంటారేమోనని చూశా. గోడకి కళ్ళు పెట్టించావు. చేతులు పెట్టించలేదు."

కృప ఏడ్చింది. హెప్సిబా ఓదార్చలేదు. చెంప మీద పడ్డ దెబ్బ ఆమెకి ఇంకా గుర్తుంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. క్షమించమని కృప కూడా అడగలేదు. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని, "నాన్న పక్కలోనే ఒంటికి వెళ్ళారు. పంచె మార్చాలి. నేను ఒక్కదాన్నీ తిప్పలేకపోతున్నా" అంది.

"మీ అన్నయ్యని పిలువు."

యేసుకుమార్ ముందుగదిలో టీవీ చూస్తున్నాడు. కృప పిలిస్తే, "నాకు నడుం పట్టేసిందే" అన్నాడు. ఆ మాట వంటింట్లోకి వినబడింది. హెప్సిబా గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"మీ నాన్నని మీరు చూడలేరు. ఆడదాన్ని నేను చూడొచ్చు. మీ చెల్లెలు చూడొచ్చు. మీరు మాత్రం చూడలేరు."

"అవును అన్నయ్యా, ఇన్నాళ్ళూ నువ్వేం చేశావు?" అంది కృప కూడా. "నేను గోడలోంచి ఎన్నోసార్లు చూశా. ఒక్కసారైనా నువ్వు ఆయన మంచం ముట్టుకోలేదు. వదిన్ని అన్నాను కానీ నిన్ననలేదు. అదే నేను చేసిన తప్పు."

"ఇద్దరూ ఒకటయ్యారా?" అన్నాడు యేసుకుమార్.

"ఒకటవలేదు" అన్నారు ఇద్దరూ, దాదాపు ఒకేసారి.

అతను లేచాడు. తప్పించుకోవడానికి గుమ్మం వైపు చూశాడు. గుమ్మానికి అడ్డంగా చెల్లెలు ఉంది. మొదటిసారిగా తండ్రి గదిలోకి వెళ్ళి పంచె విప్పాడు. శౌరయ్య కళ్ళు మూసుకున్నాడు. కొడుకు కూడా కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తెరిచాడు, తెరవకపోతే పని కాదు కాబట్టి. బకెట్టులో నీళ్ళు సగం నేల మీద ఒలికాయి. హెప్సిబా గుమ్మంలో నిలబడి, "ముందు పక్కకి తిప్పండి. మోకాలు మడిచి తిప్పండి. అలా లాగకండి ఆయన్ని" అని గట్టిగా చెప్పింది. లోపలికి మాత్రం రాలేదు.

ఆ వారం అంతా ఆ ఇంట్లో అరుపులే. ఎవరు ఏ పూట చూడాలన్నది అరుపుల మధ్యే తేలింది. యేసుకుమార్ తను పనిచేసే పార్సిల్ ఆఫీసులో రాత్రి డ్యూటీకి మారాడు. పొద్దున వచ్చి తండ్రికి ఒళ్ళు తుడిచి, పగలంతా అదే గదిలో పడుకుంటాడు. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా, కొట్టుకి వెళ్ళని శనివారం పొద్దున కూడా, హెప్సిబాది. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే కృప ఉయ్యూరు నుంచి వచ్చి, ఆదివారం సాయంత్రం దాకా ఉంటుంది. ఆ సమయంలో హెప్సిబా ఇంట్లో ఉండదు. గుడివాడ వెళ్తుందో, స్నేహితురాలి ఇంటికి వెళ్తుందో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు. మాణిక్యమ్మ మాత్రం ఒకరోజు తనంతట తనే వచ్చి, యేసుకుమార్ నిద్రలో ఉంటే శౌరయ్యకి గంజి తాగించి వెళ్ళింది. దెబ్బ ఒకటి తిని వెళ్ళింది కూడా. ఆ తర్వాత వీధిలో మచ్చల గురించి ఎవరూ మాట్లాడలేదు.

వదినా మరదళ్ళు మాత్రం కలవలేదు. క్రిస్మస్‌కి ఎదురుపడినా ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకోలేదు. ఆ చెంపదెబ్బ గురించి కృప ఎప్పుడూ ఎత్తలేదు. హెప్సిబా ఎప్పుడూ మర్చిపోలేదు. శనివారం గుమ్మంలో ఒకరు వస్తూ, ఒకరు పోతూ నాలుగు మాటలు అనుకుంటారు, అంతే.

మొన్న శనివారం కూడా అలాగే జరిగింది. కృప బస్సు ఆలస్యమై ఎండలో నడిచి వచ్చింది. హెప్సిబా అప్పటికే సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకూ పనులుంటాయి. ఒంటిగంటంటే ఒంటిగంటకి రావాలి" అంది.

"బస్సు నేను నడపట్లేదు."

"పొద్దుట్నుంచి ఏం తినలేదు మావయ్య. దగ్గు ఉంది. పడుకోబెట్టి ఏదీ పట్టకు."

"తెలుసు."

"తెలిస్తే మంచిదే."

కృప చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోతూ ఆగింది. "ఈ వారం నా పేరు ఏమైనా ఎత్తారా?"

హెప్సిబా అబద్ధం చెప్పవచ్చు. చెప్పాలనిపించలేదు.

"లేదు. మీ అమ్మ పేరు ఎత్తారు. నన్ను తెరేసమ్మా అని పిలిచి, టీ ఇమ్మన్నారు."

"నువ్వేం చేశావు?"

"ఇచ్చాను. చల్లారిందని మొహాన కొట్టారు."

కృప నవ్వలేదు. హెప్సిబా కూడా నవ్వలేదు. లోపల్నుంచి శౌరయ్య ఎవర్నో బండబూతులు తిడుతున్నాడు. కృప కొంగు నడుముకి దోపుకుని లోపలికి వెళ్ళింది. హెప్సిబా మెట్లు దిగి, ఆటో కోసం సెంటర్ వైపు నడిచింది.